ఎదిగినవారు ఆటిజము పరీక్షకు వెళ్లవలెనా?

పాఠ్యభాగము: యోహాను 9:1-23
తోడుగా చదువవలసినవి: నిర్గమకాండము 4:10-16; కీర్తన 139; లూకా 14:28-30; 1 కొరింథీయులకు 12:14-26; గలతీయులకు 6:2-5



పిల్లలలోని ఆటిజమును గూర్చి ఇప్పుడు బడిలోను ఆసుపత్రిలోను కొంత వినుచున్నాము. గాని ముప్పది నలువది ఏండ్లు గడచి, పెండ్లియై పిల్లలు గల మనుష్యుడు వచ్చి, "నాలోను ఇదే ఉన్నదేమో. పరీక్ష చేయించుకొనవలెనా, మానవలెనా?" అని అడిగిన యెడల మనము ఏమి చెప్పగలము? ఈ ప్రశ్న మా యొద్దకు రెండు ఇండ్లనుండి వచ్చినది. ఇంకను ఎన్ని ఇండ్లలో అడుగబడక నిలిచియున్నదో దేవునికే తెలియును. కావున ఈ నెల దేవుని వాక్యము వెలుగులోను, వైద్యులు నేర్పిన సంగతుల సహాయముతోను దీనిని ధ్యానింతము.

1. ఆటిజమనగా ఏమి?

ఆటిజము దయ్యము కాదు, పిచ్చి కాదు, అంటురోగము కాదు. అది మనుష్యుని మెదడు ఎదిగిన తీరులో మొదటినుండి ఉన్న ఒక భేదము. ఇట్టివారిలో అనేకులకు ఎదుటివాని ముఖము చూచి మనస్సు గ్రహించుట కష్టము. పరిహాసపు మాట, చాటు మాట వెంటనే అందవు. కన్నులలోనికి చూచి మాటలాడుట భారముగా నుండును. దినమెల్ల ఒక క్రమములో నడచిన యెడల నెమ్మది. ఆ క్రమము అకస్మాత్తుగా తప్పిన యెడల గొప్ప కలత. తమకు ఇష్టమైన విషయమును పట్టుకొన్న యెడల దాని లోతు చూచువరకు విడువరు. శబ్దము, వెలుగు, వాసన, తాకుడు మనకు చిన్నవైనను వారికి బాణముల వలె తగులవచ్చును.

ఇది అందరిలో ఒకే కొలతగా నుండదు. కొందరికి మాటయే రాదు. జీవితకాలమంతయు తోడు కావలెను. కొందరు చదువుకొని, పని చేసికొని, ఇల్లు నడుపుకొనుచు, లోలోపల మాత్రము అలసిపోవుచుందురు. అయితే సిగ్గరి ప్రతివాడును, ఒంటరితనము కోరు ప్రతివాడును ఆటిజము గలవాడు కాడు. చిన్ననాటినుండి అనేక లక్షణములు కలిసి కనబడి, దినజీవితమునకు అడ్డుగా నిలిచినప్పుడే వైద్యులు ఈ పేరు చెప్పుదురు.

ఈ భేదము పాతదే, దానిని గుర్తించుట మాత్రము క్రొత్తది. 1925లో సుఖరేవా అను రష్యా దేశపు వైద్యురాలు ఇట్టి పిల్లలను గూర్చి వ్రాసెను. 1943లో అమెరికాలోని బాల్టిమోరులో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను వర్ణించి ఆటిజము అను మాటను స్థిరపరచెను. మరుసటి సంవత్సరము వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ అనువాడు చక్కగా మాటలాడగల పిల్లలలోను ఇట్టి లక్షణములను చూపెను. 1981లో ఇంగ్లండులో లోర్నా వింగ్ అను వైద్యురాలు ఆ పరిశీలనను లోకము దృష్టికి తెచ్చెను. తాను అట్టి బిడ్డకు తల్లియైనందున ఆమె ఈ పనియందు మరింత శ్రద్ధ వహించెను. అప్పటినుండియే మాటలాడువారు, చదువుకొన్నవారు, ఎదిగినవారు కూడ ఈ వరుసలో ఉండవచ్చునని వైద్యులు విరివిగా తలంచసాగిరి.

మన దేశములో 1995 నాటి దివ్యాంగుల చట్టములో 7 విధములే యుండెను. ఆటిజము వాటిలో లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టములో దానికి చోటు దొరికెను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధములను చేర్చి, వాటిలో ఆటిజమును పేర్కొనెను. ఆ చట్టము 2017 ఏప్రిల్ 19న అమలులోనికి వచ్చినది. కాబట్టి నేడు నలువది ఏండ్లున్నవాడు బడికి పోయిన దినములలో అతనిని చూచి గుర్తుపట్టగల పంతులుగాని, పుస్తకముగాని మన పల్లెలలో లేదు. అతనికి దొరికిన పేర్లు వేరు: సోయి లేనివాడు, తిక్కవాడు, గర్విష్ఠి.

ఆడవారిని గుర్తించుట ఇంకను ఆలస్యమగుచున్నది. వారిలో అనేకులు ఇతరులను చూచి నవ్వు, పలకరింపు కంఠస్థము చేసికొని, కూటములో అందరివలె కనబడి, ఇంటికి వచ్చి తలుపు మూసికొని పడిపోవుదురు. పల్లె బ్రదుకు కూడ దీనిని కప్పివేయును. బీడీలు చుట్టుటలోను, మగ్గము నడుపుటలోను నిన్నటి పనియే నేటి పని. తెలిసిన ముఖములే చుట్టునుండును. పెండ్లియై అత్తవారింటికి పోయినప్పుడో, గల్ఫు దేశములో పదిమంది ఒక్క గదిలో పండుకొనవలసి వచ్చినప్పుడో లోపలి కష్టము బయటపడును.

2. ఎవరి పాపము?

పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన మొదటి ప్రశ్న, తప్పు ఇతనిదా, కన్నవారిదా అనునదే. ప్రభువు ఆ రెండింటిని త్రోసివేసెను. ఇతని యొద్ద జరుగవలసిన దేవుని పనివైపు వారి చూపు త్రిప్పెను.

శిష్యుల ప్రశ్న నేటికిని చావలేదు. మన ప్రాంతములో ఎవరైన వింతగా ప్రవర్తించిన యెడల, జగిత్యాల రోడ్డు మీద కొండగట్టునకు తీసికొనిపోయి 40 దినములు అక్కడ ఉంచు అలవాటు చాలా ఇండ్లలో కలదు. బిడ్డను గూర్చిన దుఃఖముతో కొండ యెక్కు తల్లిని మనము ఎగతాళి చేయరాదు. మన ఇంటిని చూచుకొందము. మనవారును మాటలాడని కుమారుని స్వస్థత కూటమునకు లాగుకొనిపోయి, తలపై చేతులుంచి, చెవిలో కేకలు వేయించి, మార్పు కనబడనప్పుడు "నీకు విశ్వాసము లేదు" అని అతనిపైనే నేరము మోపిన సందర్భములు లేవా? శబ్దమే బాధయైన వానికి కేకలు ఎట్టి స్వస్థత?

వైద్యశాస్త్రము కూడ ఒక కాలమున శిష్యుల ప్రశ్ననే అడిగెను. 1950, 1960ల కాలములో పాశ్చాత్య దేశములలో పేరుగాంచినవారు కొందరు, తల్లి ప్రేమ చల్లారుటచేత బిడ్డ ఇట్లయ్యెనని బోధించిరి. అనేకమంది తల్లులు ఆ నిందను మోసిరి. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు, తానే అట్టి బిడ్డకు తండ్రియై, ఆ బోధను ఖండించి గ్రంథము వ్రాసెను. 1977లో కవల పిల్లలపై జరిగిన పరిశోధన, దీనిలో వంశపారంపర్యపు పాలు ఎంతో బలమైనదని చూపెను. పెంపకము దీనికి కారణము కాదు, టీకాలు కారణము కావు. గర్భమందు రూపించిన దేవుడు మనలను పూర్తిగా ఎరిగియున్నాడని 139వ కీర్తన నేర్పుచున్నది. పరీక్షకు వెళ్లినవాడు గాని, వెళ్లనివాడు గాని ఈ పునాది మీదనే నిలువవలెను. వైద్యుని చీటీ రాకమునుపే దేవుడు అతనిని ఎరుగును.

3. ఎవరినడుగవలెను?

మన పాఠములో ఇంకొక సంగతి కలదు. మతాధికారులు గ్రుడ్డివాని తలిదండ్రులను పిలిపించి విచారించిరి. వారు సమాజమందిరమునుండి వెలివేయబడుదుమను భయముతోనే యుండిరి. అయినను వారి జవాబులో నేర్చుకొనదగినది యున్నది. తమకు తెలిసిన రెండు సంగతులు, అనగా ఇతడు మా బిడ్డయనియు, పుట్టుకనుండి ఇట్లే యున్నాడనియు చెప్పి, మిగిలినదానికి పెద్దవాడైన అతనినే అడుగుమనిరి.

ఎదిగినవారి విషయములో మన నడక ఇట్లే యుండవలెను. పరీక్షకు పోవలెనా, మానవలెనా అను నిర్ణయము ఆ మనుష్యునిదే. భార్యగాని, అత్తమామలుగాని, సంఘపు పెద్దలుగాని, అయ్యగారుగాని అతనిని బలవంతముగా బండి యెక్కించరాదు; వద్దని కాళ్లు కట్టివేయరాదు. తలిదండ్రులకు మాత్రము ఒక మంచి పని కలదు. ఎదిగినవాని ఆటిజమును చూపు రక్తపరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు. వైద్యుడు ఆ మనుష్యునితో మాటలాడి, అతని తీరు చూచి, చిన్ననాటి సంగతులు విచారించి తీర్మానించును. ఎప్పుడు మాటలు వచ్చెను, ఎవరితో ఆడెను, దేనికి భయపడెను అను సంగతులు తల్లికి, అక్కకు, మేనమామకు జ్ఞాపకముండును. తమకు తెలిసినంత సత్యముగా చెప్పి, మిగిలినదానిని ఆ మనుష్యునికే విడిచిపెట్టుట వారి సాక్ష్యము.

4. ఇద్దరి సంగతి

వారి అనుమతితో, పేరు ఊరు చెప్పక, ఇద్దరి సంగతి వ్రాయుచున్నాము.

మొదటివాడు సిరిసిల్ల ప్రాంతపు సహోదరుడు. సాంచెలని మనవారు పిలుచు మరమగ్గములను బాగుచేయు పని అతనిది. ఏ సాంచె ఏ దినమున ఏ కారణముచేత ఆగెనో పుస్తకము చూడకయే చెప్పును. గాని పెండ్లి విందులో కూర్చుండలేడు. ఆరాధన ముగియగానే ఎవరికిని చేయి కలుపక వెళ్లిపోవును. కొందరు అతనిని గర్విష్ఠియనిరి. భార్య కూడ తనయందు ప్రేమ లేదని ఏడ్చెను. వారి చిన్న కుమారునికి మాటలు ఆలస్యమైనందున ఆసుపత్రికి తీసికొనిపోగా, డాక్టరమ్మ బిడ్డను గూర్చి అనేక ప్రశ్నలు అడిగెను. అతడు తిరిగివచ్చి మాతో అనినది ఇది: "అయ్యగారూ, ఆమె అడిగినవన్నీ నా కొడుకు గురించే. కానీ ఒక్కొక్క ప్రశ్నకు నా చిన్నతనమే నాకు యాదికొచ్చింది."

అతడు ఆరు నెలలు ఆలోచించెను. చెల్లెలికి సంబంధము చూచుచున్న కాలమది. "అన్నకు మెంటల్ అంటరు, పిల్లకు సంబంధం తప్పుతది" అని తల్లి భయపడెను. తల్లి భయము అర్థములేనిది కాదు. మన ఊళ్ల సంగతి మనకు తెలియును. అతడు చెల్లెలి పెండ్లి అగువరకు ఆగి, పిమ్మట వెళ్లెను. వైద్యులు అతనికి ఆటిజము కలదని చెప్పిరి. ఆ రాత్రి భార్యాభర్తలిద్దరును చాలసేపు మాటలాడుకొనిరి. ఆమె మాతో అనినది, "ఇన్నేండ్లు నన్ను తప్పించుకొంటున్నడనుకున్న. లొల్లిని తప్పించుకొంటున్నడని తెల్వలేదు." ఆ ఇంటిలో ఇప్పుడు సాయంకాలము ఒక గంట ఎవరును అతనితో మాటలాడరు. ఆ గంట గడచిన తరువాత అతడే వచ్చి బిడ్డ యొద్ద కూర్చుండును.

రెండవ ఆమె కోరుట్ల వైపు సహోదరి. ఏబది దాటినది, అవివాహిత, బీడీలు చుట్టి జీవించునది. మేనకోడలు పట్టణములో చదువుకొని వచ్చి, "అత్తమ్మా, ఒకసారి చూపించుకొందాం" అని అడిగెను. ఆమె రెండు వారములు ప్రార్థించి, వద్దనెను. "ఈ వయసుల ఆ పేరుతోటి నేను చేసేదేమున్నది బిడ్డా? దేవునికి నేనెవరినో ఎరుకే. గుడిల నన్ను మైకుకు దూరంగ కూర్చోనిస్తే చాలు" అని చెప్పెను. ఆమెకు తలుపు ప్రక్కన చోటు ఏర్పరచితిమి. అంతకు ముందు నెలకొకసారి వచ్చునది, ఇప్పుడు ప్రతి ఆదివారము వచ్చుచున్నది.

వెళ్లినవాడు అవిశ్వాసి కాడు, వెళ్లనిది పిరికిది కాదు. ఇద్దరును ఖర్చు లెక్కించుకొని, దేవుని యెదుట నిర్ణయించుకొనిరి.

5. లెక్క ఎట్లు చూడవలెను?

గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనని ప్రభువు లూకా 14వ అధ్యాయములో నేర్పెను. ఈ విషయములోను కూర్చుండి లెక్కించుట విశ్వాసమునకు విరోధము కాదు.

వెళ్లుటకు తగిన కారణములు ఇవి. జీవితమంతయు తన్ను తాను నిందించుకొనువానికి సరియైన కారణము తెలియుట గొప్ప విడుదల. భార్యాభర్తల మధ్య అపార్థము తొలగవచ్చును. ఆటిజము గలవారిలో దిగులు, ఆందోళన, నిద్రలేమి తరచుగా కలిసియుండును. ఆటిజమును తీసివేయు మందు లేకపోయినను ఈ బాధలకు చికిత్స కలదు. ఒకవేళ పరీక్షలో ఆటిజము కాదు, వినికిడి లోపమో, మనోవ్యాకులతయో అని తేలిన యెడల దానికి తగిన సహాయము దొరకును. పని చేయలేక నలుగువానికి చట్టము ఇచ్చు సహాయము పొందుటకు ఇది మొదటి మెట్టు. ఇంటిలో అట్టి బిడ్డ ఉన్న యెడల, తన్ను తాను తెలిసికొన్న తండ్రి బిడ్డను మరింత బాగుగా తెలిసికొనును.

ఆగుటకు తగిన కారణములును కలవు. దినకూలివానికి కరీంనగరమునకో హైదరాబాదునకో పలుమార్లు తిరుగుట భారము. ఇంటిలో పెండ్లి మాటలు, ఆస్తి తగవులు నడచుచున్నప్పుడు ఈ సంగతిని ఆయుధముగా వాడువారుందురు. ఎదిగినవారిని చూచుటయందు అనుభవము గల వైద్యులు తక్కువ. మనస్సు మిక్కిలి కృంగియున్న దినములలో మొదట ఆ కృంగుదలకు చికిత్స పొంది, ఆ తరువాత దీనిని తలపెట్టుట మంచిది. చెట్టుక్రింద చావు కోరుకొన్న ఏలీయాకు దేవుడు మొదట నిద్రయు రొట్టెయు ఇచ్చి, ఆ పిమ్మటనే ప్రశ్న వేసెను.

తగని కారణములను కూడ చెప్పవలెను. నలుగురు నవ్వుదురను సిగ్గు ఒక్కటే అయితే, దానికొరకు ఆగవద్దు. వైద్యుని యొద్దకు పోవుట దేవునిపై అపనమ్మకమని ఎవరైన చెప్పిన యెడల వినవద్దు. పౌలుతో కూడ నున్న లూకా వైద్యుడు. మనకు పొరుగుననున్న డిచ్‌పల్లిలో 1915లో మిషను వైద్యురాలు ఇసబెల్ కెర్ కుష్ఠరోగులకు ఆసుపత్రి ఆరంభించినప్పుడు, ప్రార్థనయు మందును ఒకే ఆవరణములో నడిచెను. ఇక, ఈ పేరు దొరికిన యెడల ఇంటివారిని కొట్టినను తిట్టినను అడుగువారుండరని తలంచి వెళ్లువాడు పొరబడుచున్నాడు. ఆటిజము ఒక మనుష్యుని కష్టమును వివరించును గాని, పొరుగువానికి చేసిన కీడును కడిగివేయదు. గలతీయులకు వ్రాసిన పత్రికలో పౌలు ఒకరి భారము ఒకరు మోయవలెనని చెప్పి, వెంటనే ఎవని బరువు వాడు మోయవలెననియు చెప్పుచున్నాడు. ఈ రెండును సత్యములే.

6. వెళ్లదలచినవారికి

మొదట మానసిక వైద్యునిగాని, క్లినికల్ సైకాలజిస్టునుగాని చూడవలెను. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమైనవి. వాటి ఆసుపత్రులలో మొదట విచారించి, ఎవరి యొద్దకు పోవలెనో వారినే అడుగవచ్చును. పెద్ద నగరములలో హైదరాబాదు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ కలదు. ప్రయాణమునకు ముందు ఫోనులో మాటలాడదలచినవారికి 2022లో ప్రభుత్వము ఆరంభించిన టెలిమానస్ అను ఉచిత సేవ కలదు, దాని సంఖ్య 14416, తెలుగులో మాటలాడవచ్చును.

చిన్ననాటి జ్ఞాపకములను, ఇప్పటి కష్టములను ముందుగా ఒక కాగితము మీద వ్రాసికొని పోవలెను. వైద్యుని యెదుట మాట తడబడువారికి ఆ కాగితమే నోరు. చిన్ననాడు చూచినవారొకరు తోడు వచ్చిన యెడల మేలు.

నిర్ధారణ వేరు, సర్టిఫికేటు వేరు. వైద్యుడు ఆటిజము కలదని చెప్పుట నిర్ధారణ. ప్రభుత్వము నియమించిన వైద్యాధికారులు కొలిచి శాతము వ్రాసి యిచ్చునది సర్టిఫికేటు. ఆ కొలతకు సికింద్రాబాదులోని జాతీయ సంస్థ సిద్ధపరచిన 40 అంశముల పట్టికను వాడుదురు. ఒక్కొక్క అంశమునకు 1 నుండి 5 వరకు అంకెలు వేయుదురు. మొత్తము 70కి తక్కువైన యెడల ఆ పట్టిక ప్రకారము ఆటిజముగా లెక్కింపరు. చట్టములోని అనేక సహాయములకు 40 శాతము ఉండవలెను. కష్టములను దాచుకొని పని నడుపుకొను ఎదిగినవానికి నిర్ధారణ దొరికి, సర్టిఫికేటు దొరకకపోవచ్చును. ఇది ముందే తెలిసియుండిన నిరాశ తగ్గును. సర్టిఫికేటు దొరికినవారు ప్రభుత్వ ఉద్యోగములలోని ప్రత్యేక భాగమునకును, నేషనల్ ట్రస్టువారి నిరామయ ఆరోగ్య బీమాకును దరఖాస్తు చేసికొనవచ్చును. నిర్ధారణ పొందిన ప్రతివాడును సర్టిఫికేటు తీసికొనవలెనను నిర్బంధము లేదు.

రోగి మాటను వైద్యుడు బయట పెట్టరాదు. అది వైద్యవృత్తి నియమము. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము కూడ చికిత్స పొందువానికి గోప్యతను హక్కుగా ఇచ్చుచున్నది. ఎవరికి చెప్పవలెను, ఎవరికి చెప్పరాదు అని పోకముందే నిశ్చయించుకొనవలెను. ఆటిజమును పోగొట్టుదుమని పొడులు, పసరులు, తైలములు అమ్మువారికి ఒక్క రూపాయి ఇయ్యవద్దు.

7. సంఘము ఏమి చేయవలెను?

సహోదరులారా, ఇంతవరకు వ్రాసినది పరీక్షను గూర్చి. ఇక మనలను మనము పరీక్షించుకొందము. పేరు చెప్పుకొనుటకు మనుష్యుడు భయపడుచున్నాడనగా, ఆ భయము పుట్టిన చోటు మన నోళ్లలోనే యున్నది. సంబంధము తప్పించునది ఆటిజము కాదు, మన చాడీలు.

కానర్ వర్ణించిన 11 మందిలో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. అతడు 1933లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమందు ఫారెస్టు అను చిన్న ఊరిలో పుట్టెను. మూడు నాలుగేండ్ల ప్రాయములో వైద్యుల సలహాపై అతనిని ఒక ఆశ్రమములో విడిచిరి. దాదాపు ఒక సంవత్సరమునకు తలిదండ్రులు తిరిగి తెచ్చుకొనిరి. తరువాత కొంతకాలము అతడు ఒక రైతు దంపతుల ఇంట నుండెను. అతనికి లెక్కించుటయందు మిక్కిలి ఆసక్తి. ఆ రైతు దానిని ఆటంకపరచలేదు. బావి లోతు కొలువుమని చెప్పెను. మక్కచేనిలో సాళ్లు లెక్కించుట చూచి, దున్నుచు లెక్కించుమని నాగలి చేతికిచ్చెను. పెద్దవాడై డొనాల్డ్ తన ఊరి బ్యాంకిలో పని చేసెను, కారు నడిపెను, అనేక దేశములు చూచి వచ్చెను. 2023లో తన 89వ ఏట మరణించువరకు ఆ ఊరివారు అతనిని తమవానిగానే చూచిరి. పేరు పెట్టినది గొప్ప వైద్యుడు. చోటు ఇచ్చినది ఒక రైతు, ఒక ఊరు. రెండవ పని మన చేతిలో కలదు.

తన నోటి మాంద్యమును మోషే దేవునితో విన్నవించుకొనినప్పుడు, దేవుడు అతని నోటిని మార్చినట్లు అక్కడ వ్రాయబడలేదు. తోడుగా అహరోనును ఇచ్చెను. మోషే ఆటిజము గలవాడని మేము చెప్పుట లేదు. గ్రంథములో లేనిదానిని చేర్చరాదు. అయితే మార్పునకు బదులు తోడును ఇచ్చుట కూడ దేవుని కృపయేయని ఇందువలన తెలిసికొనుచున్నాము.

ఆ తోడు మన ఆరాధనలో ఇట్లు కనబడవచ్చును: మైకు శబ్దము కొంత తగ్గించుట, తలుపు ప్రక్కన నెమ్మదియైన చోటు ఉంచుట, ఆరాధన క్రమము మారునప్పుడు ముందే చెప్పుట, చేయి కలుపనివానికి చిరునవ్వుతో తలవంచుట, సాక్ష్యము చెప్పుమని ఎవనిని అకస్మాత్తుగా నిలువబెట్టకుండుట, లెక్కలు, పుస్తకములు, తీగలు, దీపములు చక్కగా చూచువానికి ఆ పనియే అప్పగించుట. వీటిలో దేనికిని సర్టిఫికేటు అడుగనవసరము లేదు. బలహీనముగా కనబడు అవయవములే మరి అవసరమైనవని పౌలు కొరింథీయులకు నేర్పెను. అవయవమునకు చోటు ఇచ్చుటకు ముందు వైద్యుని చీటీ చూపుమని శరీరము అడుగదు గదా.

కావున, పరీక్షకు వెళ్లదలచిన సహోదరుడా, సహోదరీ, నిర్భయముగా వెళ్లుము; తోడు కావలసిన యెడల సంఘములో ఒకరిని అడుగుము. ఆగదలచినవారలారా, నెమ్మదిగా ఆగుడి. మీ నిమిత్తము ఇక్కడ చోటు కలదు. సంఘమా, ఈ ఇద్దరికిని ఒకే విధమైన పీట వేయుము.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. పుట్టు గ్రుడ్డివాని తలిదండ్రులు దేనికి భయపడిరి? మన సంఘములో నేడు ఎవరైన అట్టి భయముతో నున్నారా?
2. ఒక మనుష్యుని నడవడి మనకు అర్థము కానప్పుడు మనము మొదట పెట్టు పేరు ఏది?
3. వెళ్లుటకును ఆగుటకును చెప్పిన కారణములలో మీ ఇంటికి తగినవి ఏవి?
4. వచ్చే ఆదివారము మన ఆరాధనలో మార్చదగిన ఒక్క సంగతి ఏది?

ప్రార్థన

మమ్మును రూపించిన తండ్రీ, మేము మమ్మును ఎరుగకమునుపే నీవు మమ్మును ఎరిగియున్నావు. తన్ను తాను తెలిసికొనగోరువానికి ధైర్యమును, మంచి వైద్యునిని దయచేయుము. ఆగినవానికి నెమ్మది దయచేయుము. తలిదండ్రులకు సత్యమైన సాక్ష్యమును, భార్యాభర్తలకు ఓర్పును అనుగ్రహించుము. మా నాలుకలను కాచి, మా మధ్య ప్రతివానికి చోటు కలుగజేయుము. నీ కుమారుడును మా రక్షకుడునైన యేసు క్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.